నాన్నకి డయాలసిస్ ఇప్పుడే మొదలెట్టాలా, ఆగొచ్చా? అసలు తేల్చాల్సింది ఎవరు?

కవిటి_తోట | మంగళవారం రాత్రి 10:20

అందరికీ నమస్తే, పోస్టు కాస్త పెద్దదవుద్ది ఏటీ అనుకోకండి. మా నాన్నకి 67 ఏళ్ళు, కొబ్బరితోట మనిషి. నాలుగేళ్ళ కిందట క్రియాటినిన్ (కిడ్నీ పాడయ్యేకొద్దీ రక్తంలో పెరిగేది) 2.1 ఉండేది, మొన్న చేయిస్తే 6.8 వచ్చింది, ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ రక్తాన్ని ఎంత వడకడతందో చెప్పే లెక్క, తగ్గేకొద్దీ చెడ్డ) 8 అని రాసుంది రిపోర్టులో. కిడ్నీ రోగం ఎక్కువున్న మా ఉద్దానం వాళ్ళకి ఈ నంబర్లు చెప్పక్కర్లేదు, మా ఊళ్ళో "మీ నాన్నకి ఎంత" అని ఎవరైనా అడిగేరంటే వయసూ కాదు జీతమూ కాదు, క్రియాటినినే.

సంగతేటంటే వైజాగ్‌లో ఒక ప్రైవేట్ ఆసుపత్రికి తీసుకెళ్ళేం. డాక్టర్ గారు రిపోర్టు చూసేరు, నాన్న మొహం చూడలేదు, "వెంటనే డయాలసిస్ ఎక్కించాలి, లేటైతే మా పూచీ లేదు" అనేసి బెల్లు కొట్టేరు. మొత్తం మూడు నిమిషాలు కూడా లేదు. భయమేసి ఇంకో డాక్టర్ దగ్గరికెళ్తే ఆయన కాళ్ళు నొక్కి చూసి, అన్నం తింటన్నాడా, నిద్రపడతందా, ఆయాసముందా అన్నీ అడిగి "ఇప్పుడే అక్కర్లేదు గానీ చేతికి ఫిస్టులా (డయాలసిస్ సూదులు గుచ్చడానికి చేతిలో రక్తనాళాలు కలిపే చిన్న ఆపరేషన్) చేయించేయండి, పదిహేను రోజులకోసారి చూద్దాం" అన్నారు. ఇద్దరూ పెద్ద చదువులోళ్ళే, ఒకే రిపోర్టు, ఒకే మనిషి.

హైదరాబాద్‌లో అన్నయ్య ఫోన్లో "మొదలెట్టేయండి, డబ్బుల గురించి ఆలోచించకండి" అంటన్నాడు. అమ్మ "డయాలసిస్ ఎక్కినోళ్ళు ఎవులు దిగేర్రా మనూళ్ళో" అని ఏడుపు. మధ్యలో నేను. నాన్న బానే తింటన్నాడు, తోటకెళ్తన్నాడు, రాత్రిపూట కొంచెం దురద, కాళ్ళు పీకుతన్నాయంటాడు అంతే.

ఇంకో విషయం, నాన్నకి మేం చెప్పలేదు. ఒంట్లో నీరు పట్టింది, మందులకి తగ్గిపోద్ది అని చెప్పేం.

సోంపేట_సెంటర్ | మంగళవారం రాత్రి 10:51

తమ్ముడూ ముందు ఒకటి చెప్తాను, డయాలసిస్ సంగతి తర్వాత, ఫిస్టులా మాత్రం ఆపకు. మా అమ్మకి ఏడాది ముందే చేయించమన్నారు. "చెయ్యి కోసేస్తే పనెవులు చేస్తారు" అని అమ్మ, "అవసరం వచ్చినప్పుడు చూద్దాంలే" అని మేము. అవసరం ఒక రాత్రి రెండు గంటలకి వచ్చింది, ఆయాసం, పడుకోలేదు, కుర్చీలో కూర్చునే ఊపిరి పీల్చుకుంటంది. అప్పుడింక ఫిస్టులాకి టైమెక్కడ, అది చేసేక పనికొచ్చేదానికి నెలన్నరో రెండు నెలలో పడుద్ది కదా. మెడలో గొట్టం పెట్టేరు. మూడో వారం డయాలసిస్ అయ్యి ఆటోలో ఇంటికొస్తుంటే చలి మొదలైంది, మే నెల, బయట ఎండ మండిపోతంది, ఆవిడ పళ్ళు కొట్టుకుంటన్నాయి. గొట్టంలో ఇన్ఫెక్షన్. పదకొండు రోజులు ఆసుపత్రి.

అందులో డాక్టరు తప్పేం లేదు, ఆయన చెప్పేడు. కానీ చెప్పిన తీరు ఏటంటే చీటీ మీద "ఏవీ ఫిస్టులా అడ్వైజ్డ్" అని రాసేడు. అది చెయ్యకపోతే మెడలో గొట్టం వస్తాదని, గొట్టానికి జ్వరం వస్తాదని ఎవులూ చెప్పలేదు. మేమూ అడగలేదు. అడగాలని ఎవరికి తెలుసు.

బొబ్బిలి_మాస్టారు | బుధవారం ఉదయం 6:05

కవిటి బాబుకి. నేను రిటైర్డ్ టీచర్ని. నా మాట కటువుగా ఉంటే క్షమించాలి. ముక్కూ మొహం తెలియని పదిమందిని రాత్రి పదింటికి అడిగి వైద్యం తేల్చుకునే రోజులొచ్చేయా? మా నాన్నగారి కాలంలో డాక్టరు దేవుడు, ఆయన మందిస్తే తాగడమే. ఇప్పుడు ప్రతివాడూ ఫోన్లో చూసి డాక్టర్ని ప్రశ్నిస్తున్నాడు, దానికి భయపడి డాక్టర్లు కూడా ఎందుకొచ్చిన గొడవని నాలుగు టెస్టులు ఎక్కువ రాస్తున్నారు. ఇద్దరు డాక్టర్లలో సీనియర్ ఎవరో చూసుకుని ఆయన చెప్పినట్టు చెయ్యి. సెలవు.

గజపతినగరం_గుంటడు | బుధవారం ఉదయం 7:40

మాస్టారూ మీ నాన్నగారి కాలంలో దేవుళ్ళు ఇద్దరు ఉండి ఇద్దరూ రెండు రకాలుగా చెప్తే ఏం చేసేవారో అది కూడా చెప్పండి 😀

రాత్రిడ్యూటీ | బుధవారం మధ్యాహ్నం 2:15

రాజాం నుంచి, స్టాఫ్ నర్సుని, పన్నెండేళ్ళ సర్వీసు. ఇప్పుడే లేచేను.

నాన్నకి చెప్పలేదు అన్న దగ్గర నా కళ్ళు ఆగిపోయేయి. రోజూ చూస్తుంటాను నేనిది. ఆపరేషన్ ముందు సంతకాల కాయితం వస్తాది, రెండు పేజీలు, సగం ఇంగ్లీషు. చదివే టైముండదు, థియేటర్ నుంచి ఫోన్ మీద ఫోన్. నేను ఇంకు ప్యాడ్ తీస్తాను, పెద్దాయన బొటనవేలు ముందే చాచేస్తాడు. "ఏటమ్మా ఇది" అని అడిగినోళ్ళు నాకు వేళ్ళ మీద లెక్కపెట్టేంతమంది గుర్తున్నారు. ఒకసారి ఒక ముసలామె వేలిముద్ర వేసేసి, వేలు చీరకి తుడుచుకుంటూ "రేషన్‌కా పింఛనుకా తల్లీ" అని అడిగింది. నవ్వొచ్చింది అప్పుడు. ఇంటికెళ్ళేక నవ్వు రాలేదు.

ఇంకా చాలామందికి తెలీనిది, తెలివిలో ఉన్న పెద్దమనిషి తరఫున కొడుకో మొగుడో సంతకం పెడితే చెల్లదు. 2008లో సుప్రీంకోర్టు తీర్పు ఉంది దీనిమీద. ఒకావిడకి కడుపులో ఏముందో గొట్టం వేసి చూస్తామని మత్తిచ్చి, మత్తులో ఉండగానే బయట కూర్చున్న తల్లి చేత సంతకం పెట్టించి గర్భసంచీ అండాశయాలూ తీసేసేరు. ప్రాణం పోయే అర్జంటు అయితే తప్ప పేషెంటే ఒప్పుకోవాలి, అదీ ఊరికే ఒప్పుకోవడం కాదు, ఏం చేస్తారు, వేరే దారేమైనా ఉందా, చేస్తే ప్రమాదమేటి, చెయ్యకపోతే ఏటి, ఇవి చెప్పేకే ఒప్పుకోవాలి అని కోర్టు చెప్పింది. మనకాడ కారిడార్లో అల్లుడు తేల్చేస్తాడు.

బాబూ, గుచ్చేది మీ నాన్న చేతికి. ఆయన్ని అడగండి.

కవిటి_తోట | బుధవారం సాయంత్రం 5:30

సిస్టర్ మీరన్నది నిజమే గానీ చెప్తే బెంగతో మంచం పట్టేస్తాడేమోనని. మా చిన్నాన్న అలాగే అయిపోయేడు, పేరు తెలిసిన రోజు నుంచి తిండి మానేసేడు.

తెల్లకోటు_టెక్కలి | బుధవారం రాత్రి 11:10

కాస్త ఆలస్యంగా చూసేను, ఓపీ అయ్యి వార్డు చూసొచ్చేసరికి ఈ టైమైంది. నేను డాక్టర్ని, కిడ్నీ స్పెషలిస్టుని కాదు, జనరల్ మెడిసిన్. మీ నాన్నగారిని చూడకుండా మొదలెట్టండి అనో ఆపండి అనో చెప్పను. ఇద్దరు డాక్టర్లు రెండు రకాలుగా ఎందుకు చెప్పేరో మాత్రం చెప్తాను.

ఈజీఎఫ్‌ఆర్ ఎంతకి దిగితే డయాలసిస్ మొదలెట్టాలి అన్నదానిమీద ఆస్ట్రేలియా, న్యూజిలాండ్‌లలో పెద్ద ట్రయల్ జరిగింది, ఐడియల్ అంటారు, 2010లో వచ్చింది. 828 మందిని రెండు గుంపులు చేసేరు. ఒక గుంపుకి 10 నుంచి 14 మధ్యలోనే మొదలెట్టేయాలి, రెండో గుంపుకి 5 నుంచి 7 దాకా దిగేవరకూ ఆగాలి. చావుల్లో తేడా కనపడలేదు. ఆగిన గుంపుకి సుమారు ఆరు నెలలు డయాలసిస్ లేకుండా గడిచింది. కానీ రెండో సగం కూడా వినండి, ఆగమన్నవాళ్ళలో నలుగురికి ముగ్గురు 7 దాకా ఆగలేకపోయేరు, ఒంట్లో లక్షణాలొచ్చి ముందే మొదలెట్టాల్సొచ్చింది. అంటే నంబరు చూసి పరిగెత్తక్కర్లేదు, నంబరుందిలే అని నిద్రపోకూడదు. మనిషిని చూడాలి. రెండో డాక్టర్ గారు కాళ్ళు నొక్కి, తిండి, నిద్ర, ఆయాసం అడిగేరంటే ఆయన చేస్తున్నది అదే. మొదటాయన తప్పని కూడా అనను, పొటాషియం ఎంతుందో, నీరు ఎంతుందో ఆ రోజు ఆయనేం చూసేరో మనకి తెలీదు. చెప్పలేదు, అది తప్పు.

వాంతులు, ఆయాసం, పడుకుంటే ఊపిరాడకపోవడం, మత్తుగా తిక్కతిక్కగా మాట్లాడటం, ఒంట్లో బలం ఒక్కసారిగా పోవడం, పొటాషియం పెరగడం, ఇవేవైనా కనిపిస్తే ఈ చర్చ ఆపి బండెక్కండి. అన్నట్టు మీది కొబ్బరితోట అన్నారు. బొండాలు తాగుతున్నారా? కొబ్బరినీళ్ళలో పొటాషియం బాగా ఎక్కువ, ఈ స్టేజీలో అది గుండె ఆపేయగలదు. ఈ మాట చెప్తే ఉద్దానం పేషెంట్లు నన్ను తిట్టినట్టు చూస్తారు.

ఇంక మావైపు సంగతి. మాస్టారు అన్న భయం నిజమే, పేషెంట్ పోతే అద్దాలు పగులుతాయి, అందుకని "లేటైతే మా పూచీ లేదు" అన్న మాట నోటికి అలవాటైపోయింది. టైము ఇంకో రోగం. 2017లో దేశదేశాల లెక్కలు వేసి చూసేరు, డాక్టరు ఒక పేషెంటుతో గడిపే టైము స్వీడన్లో 22 నిమిషాలపైన, బంగ్లాదేశ్‌లో 48 సెకన్లు. నా ఓపీ బంగ్లాదేశ్‌కి దగ్గర. అందులో సగం బీపీ మిషను గాలి కొట్టడానికే.

నా తప్పొకటి చెప్తాను. ఒక మామ్మ నెలనెలా వచ్చేది, నేనేం చెప్పినా "అలాగే బాబూ" అనేది. ఒకరోజు మూతి వంకరపోయి స్ట్రెచర్ మీద వచ్చింది. బీపీ మాత్ర రెండు నెలలై మానేసింది. కూతుర్ని కేకలేసేను. మామ్మ ఒక్క చెయ్యి ఊపి ముద్దముద్దగా అంది, "బీపీ నార్మల్ అయిపోయిందని నువ్వే అన్నావు కదా బాబూ" అని. అన్నాను. మాత్ర వేసుకుంటున్నావు కాబట్టి నార్మల్, మానకు అన్న రెండో ముక్క అనలేదు. ఇప్పుడు పేషెంట్ లేచేముందు "ఇంటికెళ్ళి ఏం చేస్తావో నాకు చెప్పు" అని అడుగుతున్నాను. పది మందిలో నలుగురైదుగురు తప్పు చెప్తారు, అదీ నా ఎదురుగా.

మందులషాపు_బావ | గురువారం ఉదయం 8:30

డాక్టర్ గారూ దండాలు. నరసన్నపేట దగ్గర షాపు మాది. మీరు పేషెంట్ గురించి చెప్పేరు, నేను పేషెంట్ కానోళ్ళ గురించి చెప్తాను. రోజూ పొద్దున్నే కూలికెళ్ళేవాళ్ళు వస్తారు, "బావా ఒళ్ళునొప్పుల బిళ్ళ రెండు" అంటారు. చీటీ ఉండదు. డైక్లోఫెనాక్, ఎసిక్లోఫెనాక్. ఇది కిడ్నీకి మంచిది కాదు, పారాసెటమాల్ తీస్కో అంటే "అది జ్వరానికి బావా, నాకు తెలీదేటి" అని పక్క షాపుకి పోతాడు. నేనివ్వకపోతే వాడిస్తాడు. ఇది నా నిర్ణయమా వాడి నిర్ణయమా చెప్పండి. ఉద్దానంలో రోగం ఎందుకొస్తందో ఇన్నేళ్ళైనా తేలలేదు, నీళ్ళంటారు, పురుగుమందులంటారు, ఎండలో పనంటారు. అది తేలేవరకూ ఆగక్కర్లేదు, ఈ బిళ్ళలు కిడ్నీ దెబ్బతిన్నోడికి చెడ్డవని మాత్రం తేలిపోయిన సంగతే కదా.

అలాగే సెలైను. ఊళ్ళో ఆర్‌ఎంపీ దగ్గరికెళ్ళి సెలైన్ ఎక్కించకపోతే అతను డాక్టరే కాదు. నీరసానికి బాటిల్, దానిలో ఒక పసుప్పచ్చ ఇంజక్షన్ కలిపితే రంగు మారుద్ది, ఆ రంగు చూసి సగం నయమైపోద్ది మనోళ్ళకి. మంచి ఎంబీబీఎస్ గుంటడు ఒకడు మా సెంటర్లో క్లినిక్ పెట్టి "ఇంజక్షన్ అక్కర్లేదు, ఓఆర్‌ఎస్ తాగు" అని పంపేవాడు. ఎనిమిది నెలలు నడిపేడు. మూసేసి వెళ్ళిపోయేడు.

చీపురుపల్లి_అమ్మడు | గురువారం మధ్యాహ్నం 1:20

టాపిక్ మారుస్తున్నాననుకోకండి, ఎవరు తేల్చాలి అన్న దానికి మా ఇంటి సంగతి గుర్తొచ్చింది. నా కాన్పుకి ముహూర్తం పెట్టించేరు మా అత్తగారు. పంతులు గారు ఉదయం 9:12 కి బావుందన్నారు, గైనిక్ మేడం కూడా "సరే అమ్మా ఎనిమిదిన్నరకి తెచ్చేయండి" అన్నారు. నొప్పులు రాలేదు, నెలలు పూర్తిగా నిండలేదు, ఇంకా పన్నెండు రోజులుంది. బాబు పుట్టగానే ఆయాసం, నాలుగు రోజులు గాజుపెట్టెలో. జాతకం మాత్రం బ్రహ్మాండం.

ఇందులో ఎవరిది తప్పో నాకిప్పటికీ తెలీదు. అత్తగారు అడిగేరు, పంతులు చెప్పేరు, మేడం కాదనలేదు, మా ఆయన డబ్బు కట్టేరు, నేను తలూపేను. నన్ను అడిగేరా అంటే అడిగినట్టే లెక్క, "నీకూ ఇష్టమే కదా" అని అడిగేరు.

మన రాష్ట్రంలో 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లే, ప్రైవేట్‌లో అయితే 63, గవర్నమెంట్‌లో 26 చిల్లర. అవే కడుపులు, అవే పిల్లలు. ఏ గేటులోంచి లోపలికెళ్ళేమన్నదే తేడా అన్నట్టుంది.

బొబ్బిలి_మాస్టారు | గురువారం సాయంత్రం 4:45

అమ్మడూ నీ బాధ అర్థమైంది. కానీ ఆ లెక్కలో ఒక మడతుంది. కష్టమైన కేసులు, డబ్బుండి కోరి చేయించుకునేవాళ్ళు ప్రైవేటుకి పోతారు, అందువల్ల కూడా అక్కడ ఎక్కువ కనబడుతుంది.

తెల్లకోటు_టెక్కలి | గురువారం రాత్రి 10:40

మాస్టారి మడత నిజమే, కొంతవరకు. కానీ కష్టమైన కాన్పులన్నీ ప్రైవేటుకే పోవు మాస్టారూ, ప్రైవేటు వాళ్ళు చేతులెత్తేసిన కేసులు రాత్రిపూట గవర్నమెంట్ గేటుకే వస్తాయి. మొత్తం జనాభాలో సిజేరియన్లు నూటికి 10 దాటేక తల్లీబిడ్డల చావులు ఇంకా తగ్గుతాయనడానికి ఆధారం లేదని 2015లో ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. మనం 42.

గజపతినగరం_గుంటడు | గురువారం రాత్రి 10:58

ఆరోగ్యశ్రీ గురించి ఎవరూ ఎత్తలేదేటి? ప్యాకేజీ ఉన్న ఆపరేషనే అవసరం పడుద్ది మనోళ్ళకి. మా పెద్దమ్మకి తెల్లబట్ట అవుతందని వెళ్తే గర్భసంచీ తీసేసేరు, నలభై లేవు ఆవిడకి. కార్డుంది కదా ఖర్చేం లేదు అన్నారు, కేన్సర్ అవుద్దేమో అన్నారు. ఆ "అవుద్దేమో" అన్న మాట చాలు, ఆవిడే బతిమాలింది తీసేయండి బాబూ అని.

రాత్రిడ్యూటీ | శుక్రవారం తెల్లవారి 4:10

గుంటడూ, ఆరోగ్యశ్రీని ఒక్క మాటలో కొట్టేయకు. 2007లో మొదలెట్టిన మూడు జిల్లాల్లో మన శ్రీకాకుళం ఒకటి, అంతకుముందు గుండె ఆపరేషన్ అంటే పొలం అమ్మడమే. ఇప్పుడు పేరు మారి ఎన్టీఆర్ వైద్యసేవ అయినా నేను చూసినంతలో బతికినవాళ్ళే ఎక్కువ. కానీ నువ్వన్న గర్భసంచీ సంగతి కూడా అబద్ధం కాదు, 2023లో సుప్రీంకోర్టు దాకా వెళ్ళి, అక్కర్లేని గర్భసంచీ ఆపరేషన్లని ఆపడానికి మార్గదర్శకాలు అమలు చెయ్యండని రాష్ట్రాలకి చెప్పాల్సొచ్చింది. కార్డు డబ్బు భయం తీసింది. డబ్బు భయం ఉన్నప్పుడు కనీసం "ఇది కావాలా" అని ఒకసారి ఆలోచించేవాళ్ళం, అది కూడా పోయింది.

వార్డులో ఇద్దరు నిద్రపోలేదు, వెళ్తాను.

మోడరేటర్ | శుక్రవారం ఉదయం 9:00

ఆసుపత్రుల పేర్లు, డాక్టర్ల పేర్లు రాసిన రెండు పోస్టులు తీసేసేను. గొడవలొద్దు. కవిటి గారి ప్రశ్న దగ్గరే ఉందాం.

కవిటి_తోట | ఆదివారం రాత్రి 9:15

చెప్పేసేను నాన్నకి.

పొద్దున్న తోటలో కాయ దింపుతుంటే పక్కన కూర్చున్నాను. ఎలా మొదలెట్టాలో తెలీక "నాన్నా నీ క్రియాటినిన్..." అన్నాను. "6.8" అన్నాడు. నాకు నోట మాట రాలేదు. రిపోర్టు అలమరలో చీరల కింద దాచేం కదా, అమ్మ గుడికెళ్ళినప్పుడు తీసి చూసుకున్నాడంట. మూడు వారాలై ఆయనకి తెలుసు. "మీరు బాధపడతారని నేను చెప్పలేదురా" అన్నాడు. మేం ఆయన కోసం దాచేం, ఆయన మా కోసం దాచేడు, మధ్యలో పక్కింటి సూరమ్మత్తకి మొత్తం తెలుసంట.

తర్వాత ఆయన అడిగినవి వినండి. ఒక్కటీ నేను డాక్టర్ని అడిగినవి కావు. వారానికి ఎన్నిసార్లెళ్ళాలి? వెళ్ళిన రోజు సాయంత్రం సైకిల్ తొక్కగలనా? ఏ చెయ్యి కోస్తారు? మానేస్తే ఎన్నాళ్ళుంటాను? మధ్యలో ఆపేయాలనిపిస్తే ఆపనిస్తారా? పలాసలో చేస్తారా, వైజాగ్ దాకా పోవాలా? ఆఖర్న "మీ అమ్మ కిడ్నీ ఇస్తానంటాది, నాకొద్దు, ఇప్పుడే చెప్తన్నాను" అన్నాడు. అమ్మ ఇస్తానన్న సంగతి నాకు తెలీదు.

చిన్నాన్న సంగతి ఎత్తేను, పేరు తెలిసి తిండి మానేసేడు కదా అని. "వాడు పేరు తెలిసి మానలేదురా, ఎవుడూ వాడితో మాట్లాడకపోతే మానేసేడు" అన్నాడు.

సోంపేట_సెంటర్ | ఆదివారం రాత్రి 9:40

పలాసలో ఉంది తమ్ముడూ, 2023 డిసెంబరులో తెరిచిన 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ రీసెర్చి సెంటర్ అక్కడే. సోంపేట, టెక్కలిలోనూ డయాలసిస్ ఉంది. పూర్వం మా మేనమామ పలాసలో రైలెక్కి వైజాగ్‌లో గవర్నమెంట్ పెద్దాసుపత్రి కేజీహెచ్‌కి పోయేవాడు, తెల్లారి మూడింటికి బయల్దేరితే రాత్రి పదికి ఇల్లు, వారానికి రెండుసార్లు. ఎందుకు మానేసేడు అని అందరూ తిట్టేరు ఆయన్ని. డయాలసిస్ ఒద్దని మానలేదు, ఆ రైలు ఒద్దని మానేసేడు. డయాలసిస్ వాళ్ళకి నెలకి పదివేలు పింఛను కూడా ఉంది, దానికి కాయితాలు ముందే కట్ట కట్టి పెట్టుకో.

తెల్లకోటు_టెక్కలి | సోమవారం ఉదయం 7:05

మీ నాన్నగారి ప్రశ్నలు మా పీజీలకి చదివి వినిపించాలనుంది. అవే ప్రశ్నలు ఒక తెల్లకాయితం మీద రాసుకుని ఆయన చేతికే ఇచ్చి తీసుకెళ్ళండి, ఆయన్నే అడగనివ్వండి. "మానేస్తే ఎన్నాళ్ళు" అన్నదానికి డాక్టర్ తప్పించుకుంటే మళ్ళీ అడగండి. చాలా పెద్దవయసులో, వేరే రోగాలు కూడా ఉన్నవాళ్ళలో డయాలసిస్ లేకుండా మందులతో బాధ తగ్గించుకుంటూ ఉండటం కూడా ఒక దారే, అది వైద్యం మానేయడం కాదు. మీ నాన్నగారు తోటలో తిరుగుతున్న మనిషి కాబట్టి ఆయన లెక్క వేరు కావచ్చు. తెలుసుకుని కాదనడం వేరు, తెలీక కాదనడం వేరు.

ఇంకోటి. డాక్టర్ లెక్క చెప్పినప్పుడు రెండు వైపులా అడగండి. నూటికి తొంభై మంది బాగుంటారు అంటే మిగతా పదిమందికి ఏమైందో అడగండి. 1982లో అమెరికాలో దీనిమీద పరీక్ష చేసేరు, ఊపిరితిత్తుల కేన్సర్‌కి ఆపరేషనా రేడియేషనా అని. ఆపరేషన్లో నూటికి 90 మంది బతుకుతారు అని కొందరికి, 10 మంది పోతారు అని కొందరికి చెప్పేరు. లెక్క అదే, కానీ "పోతారు" అని విన్నవాళ్ళలో చాలామంది ఆపరేషన్ ఒద్దన్నారు. తమాషా ఏటంటే డాక్టర్లని అడిగినా అంతే తేడా. మేమూ మాటకి పడిపోతాం.

ఫిస్టులా అనుకుంటే ఇవాళ్టి నుంచి ఎడమ చేతికి రక్తం తీయనివ్వకండి, సూది గుచ్చనివ్వకండి, ఆ చెయ్యి నరాలు దాచుకోవాలి. కుడిచేతి వాటమే కదా ఆయనది? హెపటైటిస్ బి టీకా ఎప్పుడు మొదలెట్టాలో కూడా అడగండి.

బొబ్బిలి_మాస్టారు | సోమవారం ఉదయం 10:30

కవిటి బాబూ, నీ పోస్టు రెండుసార్లు చదివేను. నా భార్య ఆరేళ్ళ కిందట రొమ్ము కేన్సర్‌తో పోయింది. డాక్టరు, నేనూ, మా పెద్దబ్బాయి గదిలో కూర్చుని ఆవిడ కీమో గురించి మాట్లాడుకున్నాం, ఆవిడ బయట బెంచీ మీద కూర్చుంది. ఏం చెప్పేరండీ అని అడిగితే అంతా బావుందన్నాను. అబద్ధమని ఆవిడకి తెలుసని నాకు తెలుసు. డాక్టరు దేవుడు అని మొన్న రాసేనే, ఆ రోజు దేవుడు చెప్పేడు కదా అన్న ధైర్యం నాకు బాగా పనికొచ్చింది. ఆవిడకి కాదు.

ఇంకేం రాయను.

చీపురుపల్లి_అమ్మడు | సోమవారం ఉదయం 10:52

మాస్టారూ 🙏

కవిటి_తోట | ఏడు వారాల తర్వాత, శనివారం రాత్రి 8:50

చాలామంది మెసేజ్ పెట్టి అడుగుతున్నారు కాబట్టి అప్‌డేట్. రెండో డాక్టర్ దగ్గరికే వెళ్ళేం. నాన్న కాయితం తీసి వరసగా అడిగేడు, నాలుగో ప్రశ్నకి డాక్టర్ గారు పెన్ను పక్కన పెట్టి కుర్చీ ముందుకి లాక్కున్నారు. ఇరవై నిమిషాలు పట్టింది, బయట లైనంతా మమ్మల్ని తిట్టుకునే ఉంటారు. "మానేస్తే ఎన్నాళ్ళు" అంటే "లక్షణాలు ముదిరేక నెలల్లో చెప్పలేను, వారాల్లోనూ అవ్వొచ్చు" అని సూటిగానే చెప్పేరు. నాన్న అక్కడే తేల్చేసుకున్నాడు. ఫిస్టులా ఇప్పుడు, డయాలసిస్ ఒంట్లో తెలిసేక, చేసేది పలాసలో, అమ్మ కిడ్నీ మాట ఎత్తకూడదు. అన్నయ్య ఫోన్లో గట్టిగా అరిచేడు. నాన్న ఫోన్ తీసుకుని "నాకు గుచ్చుతారా నీకు గుచ్చుతారా" అన్నాడు, అయిపోయింది.

ఫిస్టులా చేసి నెల దాటింది. మణికట్టు పైన వేలు పెడితే జుయ్ మంటాది, లోపల తేనెటీగ ఉన్నట్టు. వచ్చినోళ్ళందరి చేతా ముట్టిస్తన్నాడు, సూరమ్మత్త రెండుసార్లు ముట్టుకుంది. మొన్న క్రియాటినిన్ 7.1. ఇంకా మొదలవలేదు, దురదకి మందు మార్చేరు, పొటాషియం కంట్రోల్లో ఉంది. ఊళ్ళో ఆర్‌ఎంపీ బీపీ చూడ్డానికి ఎడమ చెయ్యి పట్టుకుంటే పెద్ద గొడవ పెట్టేడంట.

మందులషాపు_బావ | శనివారం రాత్రి 9:05

బొండాలు మానేడా?

కవిటి_తోట | శనివారం రాత్రి 9:12

మా ముందు మానేడు.

తెల్లకోటు_టెక్కలి | శనివారం రాత్రి 11:30

"మా ముందు" అంటే ఏటి?? రేపే పొటాషియం చేయించండి.

కవిటి_తోట | శనివారం రాత్రి 11:41

లేదు డాక్టర్ గారూ జోక్ చేసేను, గురువారం చేయించేం, 4.9. రేపు కాయ దింపుడుంది, ఎడమ చేత్తో బరువెత్తొద్దన్నారు కదా, గట్టు మీద కుర్చీ వేయించుకుని కూలోళ్ళ మీద అరవడానికి ఇప్పట్నుంచే రెడీ అవుతున్నాడు. బొండాల లెక్క అమ్మ రాస్తంది.